మీ పాట సరిహద్దు దాటదు

తెలుగు సినీ గీత రచయితలకు, సంగీత దర్శకులకు, ఆ పాటలను తెరకెక్కించే దర్శకులకు ఒక బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,



యుద్ధం వస్తే కళాకారులను రెండు వైపుల నుంచీ నిలదీస్తారు. ఎందుకు మాట్లాడలేదని కొందరు, ఎందుకు మాట్లాడావని కొందరు. 2025 మే నెలలో మీలో చాలామందికి ఈ రెండూ ఎదురయ్యాయి. ఫలానా హీరో ఇంకా ట్వీట్ వెయ్యలేదేం, ఫలానా రచయిత జెండా బొమ్మ పెట్టలేదేం అని జనం లెక్కలు తీశారు. ఆ లెక్కలు తీయడం నా పని కాదు. ట్వీట్ వేస్తే పెరిగే దేశభక్తీ లేదు, వెయ్యకపోతే తరిగేదీ లేదు. నేను రాస్తున్నది మీరు బాణీ కట్టి, మాట పొదిగి జనంలోకి వదిలే పాట గురించి.

ఆ నెలలోనే ఇంకో తంతు కూడా చూశాం. మే 7న మన సైన్యం పాకిస్తాన్ మీద దాడులు చేసింది, 10వ తేదీ సాయంత్రానికి కాల్పులు ఆగాయి. ఈలోగానే ముంబైలో నిర్మాతల సంఘాల దగ్గర ఆ సైనిక చర్య పేరును సినిమా టైటిల్‌గా రిజిస్టర్ చేయించుకోవడానికి పదుల సంఖ్యలో దరఖాస్తులు పడ్డాయి. ఒక పెద్ద సంస్థ ఏకంగా ట్రేడ్‌మార్క్‌కే దరఖాస్తు పెట్టి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకుంది. ఒక సినిమా పోస్టర్ కాల్పులు ఆగకముందే బయటికొచ్చింది, ఆనక దర్శకుడు క్షమాపణ చెప్పుకున్నారు. సరిహద్దులోని పూంఛ్‌లో ఫిరంగి గుండ్లకు మనుషులను పోగొట్టుకున్న ఇళ్ళలో అప్పటికి ఏడుపు కూడా ఆగలేదు.

అది ముంబై గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. అవే రోజుల్లో శంషాబాద్‌లో కొందరు జెండాలు పట్టుకుని వచ్చి కరాచీ బేకరీ బోర్డును కర్రలతో కొట్టారు. దేశ విభజనలో కరాచీ వదిలి కట్టుబట్టలతో వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టుకున్న దుకాణానికి శాఖ అది. పాకిస్తాన్ ఏర్పడటం వల్ల ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్ళు, పోయిన ఊరి పేరు ఒక్కటి బోర్డు మీద దాచుకున్నారు. ఏ సంబంధం కోసం హైదరాబాదులో పెళ్ళిచూపులకు వెళ్ళినా చేతిలో వాళ్ళ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అయినా కోపం వచ్చిన రోజు ఆ కోపానికి దగ్గరలో దొరికింది ఆ బోర్డే. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరులో అదే బేకరీ శాఖ తన బోర్డులోని ఊరి పేరు మీద గుడ్డ కప్పుకోవలసి వచ్చింది.

ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. కోపం సరిహద్దు దాకా వెళ్ళదు, అంత దూరం నడిచే ఓపిక దానికి లేదు. పక్క వీధిలో దొరికిన వాడి మీద దిగుతుంది. మీ పాట సంగతీ అంతే. అవతలి దేశపు సైనికుడు తెలుగు పాట వినడు. మీ పల్లవికి జడిసి ఏ బంకరూ ఖాళీ కాదు. ఆ పాట వినేవాడు నల్లగొండలోనో, గుంటూరులోనో, ఆదోనిలోనో ఉంటాడు. తగిలేవాడూ అక్కడే ఉంటాడు. యుద్ధకాలంలో కళాకారుడి సామాజిక బాధ్యత అంటూ సభల్లో పెద్ద పెద్ద మాటలు చెబుతారు. నా వరకు ఆ బాధ్యత ఇంతే: పాట శత్రువుకు తగలదని తెలిసి, మరి ఎవరికి తగులుతుందో ముందే చూసుకోవడం.

ఇది కొత్త సంగతి కాదు. ఖడ్గ తిక్కన కథ మీకందరికీ తెలుసు. నెల్లూరి మనుమసిద్ధికీ, ఆవుల మందలు తోలుకొచ్చిన కాటమరాజుకూ పుల్లరి దగ్గర తగాదా వచ్చింది. పచ్చిక మేపినందుకు కట్టాల్సిన పన్ను. అది ముదిరి పాలేటి ఒడ్డున యుద్ధమైంది. రాజు తరఫున వెళ్ళిన ఖడ్గ తిక్కన సైన్యం చెదిరిపోయి ఒకసారి వెనక్కి వచ్చాడంటారు. ఇంటికొస్తే భార్య స్నానానికి నీళ్ళు తోడి, చుట్టూ మంచం అడ్డం నిలబెట్టి, పసుపు ముద్ద పెట్టిందట, ఆడవాళ్ళకు పెట్టినట్టు. అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసి, నువ్వూ విరిగొచ్చావు, పాలూ విరిగాయి అందట. ఆ మాట పడలేక మళ్ళీ వెళ్ళాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఈ ఘట్టం మీద చాటుపద్యాలు తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పౌరుషానికి ఉదాహరణగా పిల్లలకు నేర్పించాం. ఒకసారి వాటిని పాట రాసేవాళ్ళ కళ్ళతో చూడండి. ఆ ఎత్తిపొడుపు కాటమరాజు మనుషుల్లో ఒక్కడి మీదా గీత పెట్టలేదు. అది తెగనరికింది ఆ ఇంటి మగవాణ్ణే. మంచం అడ్డం పెట్టి, పసుపు పెట్టి, పాలు విరగ్గొట్టి, బతికి వచ్చిన మనిషిని మళ్ళీ చావుకు తోలింది. వీరరసంలో ఎక్కువ భాగం ఇలా మనవాణ్ణి సిగ్గుపడేలా చేసే విద్యే. మీలో ఎవరైనా ‘ఇంకా ఇంట్లోనే కూర్చున్నావా’ అన్న ధోరణిలో చరణం రాసి ఉంటే, అది ఈ పసుపు ముద్దకు మునిమనవరాలే.

ఇక ఇరవయ్యో శతాబ్దంలో జరిగినది చెబుతాను. రువాండాలో సిమోన్ బికిండి అనే గాయకుడు ఉండేవాడు. జానపద బాణీలకు కొత్త వాద్యాలు కలిపి పాటలు కట్టేవాడు, నృత్య బృందం నడిపేవాడు, క్రీడల మంత్రిత్వ శాఖలో ఉద్యోగం. దేశంలో అతని పేరు తెలియనివాళ్ళు లేరు. 1987 నుంచి 1993 మధ్య అతను కట్టిన పాటల్లో మూడు తర్వాత కోర్టు దాకా వచ్చాయి. వాటిలో పేరు మోసిన పాట ఆ దేశంలోని మరో జాతి టుట్సీలను నేరుగా తిట్టదు. తన జాతి హుటూల్లోనే టుట్సీలతో స్నేహంగా ఉండేవాళ్ళను, డబ్బుకు లొంగేవాళ్ళను, గతం మరిచిపోయినవాళ్ళను ఒక్కొక్కరినీ పట్టుకుని అసహ్యించుకుంటుంది. మళ్ళీ అదే విద్య. మనవాణ్ణి సిగ్గుపరచడం.

1993 జులైలో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో మొదలైంది. మంచి సంగీతం వేసేది, జోకులు వేసేది, మధ్య మధ్యలో ద్వేషం కలిపేది. బికిండి పాటలు దానికి ఊపిరి. 1994 ఏప్రిల్ నుంచి సుమారు నూరు రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలను, చంపేశారు. చంపినవాళ్ళలో ఎక్కువమంది ఇరుగుపొరుగువాళ్ళే. రేడియో ఒక చేత్తో, కత్తి ఒక చేత్తో పట్టుకుని దారుల మీద కాపు కాశారు.

ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి పెట్టిన రువాండా అంతర్జాతీయ న్యాయస్థానంలో బికిండి మీద విచారణ జరిగింది. 2008 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. పదిహేనేళ్ళ శిక్ష. అయితే శిక్ష పడింది పాటలకు కాదు. 1994 జూన్ చివర్లో ఒక రోడ్డు మీద హంతక ముఠా వాహనాలతో వెళుతూ, మైకులో చంపండని అతను స్వయంగా చెప్పిన మాటలకు. ఆ మైకుల్లో అతని పాటలూ మోగుతున్నాయి. ఆ పాటలను జనాన్ని రెచ్చగొట్టడానికి వాడుకున్నారని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. కాని వాటిని కట్టినప్పుడే జాతిహత్య జరిపించాలన్న ఉద్దేశం అతనికి ఉందని రుజువు కాలేదన్నారు. పాటలు ముందే కట్టాడు, వాడుకున్నది తర్వాత కదా అన్నది కోర్టు చూసిన తేడా.

చట్టం దృష్టిలో ఆ తీర్పులో తప్పు పట్టడానికి లేదు. పాట రాసినందుకు మనిషిని జైల్లో వేసే చట్టం ఉంటే మొదట బలయ్యేది మంచి కవులే. మన దగ్గరా ఎన్ని పాటల మీద కేసులు పెట్టారో, ఎందరు గాయకులు జైళ్ళు చూశారో మీకు తెలుసు. కాబట్టి నేను చట్టం కావాలనడం లేదు, సెన్సార్ కత్తెరకు పదును పెట్టమనీ అనడం లేదు. చట్టం అక్కడిదాకా రాదు, రాకూడదు. ఆ చోటు మీకోసమే ఖాళీగా ఉంది. అక్కడ జడ్జి మీరే, ముద్దాయీ మీరే.

మీరు ఇచ్చే జవాబు నాకు తెలుసు. సిట్యుయేషన్ డైరెక్టరు చెబుతాడు. ట్యూన్ ముందే అయిపోయి ఉంటుంది. డమ్మీ మాటలతో ట్రాక్ పంపి రేపు పొద్దుటికి పల్లవి కావాలంటారు. మా చేతిలో ఏముందండీ, పాత్ర పాడుతుంది, మేం రాస్తాం, అంతే అంటారు. పాట విడుదలయ్యాక ఎవరు ఎక్కడ వేసుకుంటారో మాకేం సంబంధం అని కూడా అంటారు.

ఈ చివరి మాట దగ్గర మాత్రం మిమ్మల్ని ఆపుతాను. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాకు రాసిన పాట హాలు బయట ఎక్కడ మోగినా వచ్చే రాయల్టీలో రచయితకూ, స్వరకర్తకూ వాటా ఉండాలని, ఆ హక్కును నిర్మాతకు రాసివ్వడం కూడా చెల్లదని అప్పుడు చట్టం అయింది. రేడియోలో, హోటల్లో, ఫంక్షన్ హాల్లో, ఫోనులో పాట మోగిన ప్రతిచోటా అది మీ కష్టమేనని ఏళ్ళ తరబడి వాదించి గెలుచుకున్న హక్కు అది. న్యాయమైన హక్కు. కాని మోగిన ప్రతిచోటా ప్రతిఫలంలో వాటా ఉన్నవాళ్ళకు, మోగిన ప్రతిచోటా ఫలితంలో వాటా లేదంటే ఎలా కుదురుతుంది? పాట నాది అన్నప్పుడు పూర్తిగా నాది అనాలి.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. అయితే కళాకారుడు ఏ పక్షమూ వహించకుండా గోడ మీద కూర్చోవాలా అని. అక్కర్లేదు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి పాటలు గోడ మీద కూర్చోలేదు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకం పక్షం వహించింది కనకే ప్రభుత్వం నిషేధించింది. ఆ పాటలు దొర చేసే పనిని తిట్టాయి, వెట్టిని తిట్టాయి, నిజాం ఏలుబడిని తిట్టాయి. అయినా ఆ కాలం పాటల్లో ఇప్పటికీ కళ్ళు చెమర్చేలా చేసేది సుద్దాల హనుమంతు పశువులు కాసే పిల్లవాడి మీద కట్టిన పాట. చుట్టూ తుపాకులు పేలుతున్న కాలంలో ఆయన వెళ్ళి ఒక జీతగాడి పక్కన కూర్చున్నాడు. ఒంటి మీది బట్ట చూశాడు, కాళ్ళు చూశాడు. దొర మీద ఎంత కోపం రావాలో అంతా ఆ పిల్లవాణ్ణి చూస్తేనే వస్తుంది, పనిగట్టుకుని పుట్టించక్కర్లేదు. మనిషి చేసిన పనిని తిట్టే పాటకూ, పుట్టిన పుట్టుకను తిట్టే పాటకూ ఉన్న తేడా అది. మొదటిదానికి పని మారితే కోపం చల్లారుతుంది. రెండోదాని కోపానికి ఆ మనిషి లేకుండా పోవడం ఒక్కటే మందు.

ఖడ్గ తిక్కన ఇంట్లోనే ఇంకో తిక్కన ఉన్నాడు. మనుమసిద్ధికి మంత్రి, ఖడ్గ తిక్కనకు దగ్గరి బంధువు. భారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన సోమయాజి. యుద్ధమంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేని మనిషి. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు రాసినవాడే స్త్రీపర్వమూ రాశాడు. అందులో గాంధారి యుద్ధభూమికి వస్తుంది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న తల్లి. ఆమె తన కొడుకుల శవాల దగ్గరే ఆగిపోదు. అభిమన్యుడి శవాన్ని చూస్తుంది. వాడు శత్రువు కొడుకు. వాడి మీద పడి ఏడుస్తున్న ఉత్తరను చూస్తుంది, ఆ పిల్ల దుఃఖాన్ని తన నోటితో చెబుతుంది. భారత యుద్ధంలో ఎవరిది న్యాయమో చెప్పడానికి తిక్కన ఎక్కడా వెనకాడలేదు. న్యాయం పాండవుల వైపే పెట్టాడు. పెట్టి కూడా, ఓడిన తల్లి నోట గెలిచిన వాళ్ళ పిల్లవాడి కోసం ఏడ్పించాడు. ఇంత చేసినవాడు మనకు ఉండగా, పక్షం వహిస్తే అవతలివాణ్ణి మనిషిగా చూడలేమన్న సాకు తెలుగులో చెల్లదు.

సంగీత దర్శకులకు ప్రత్యేకంగా ఒక సంగతి గుర్తు చేస్తాను. 1940 నవంబర్‌లో జర్మన్ విమానాలు ఇంగ్లాండులోని కోవెంట్రీ పట్టణాన్ని కాల్చేశాయి, అక్కడి పెద్ద చర్చి కూలిపోయింది. 1962లో పక్కనే కొత్త చర్చి కట్టి, ప్రారంభానికి బెంజమిన్ బ్రిటెన్‌ను సంగీతం కూర్చమన్నారు. విజయగీతం కట్టి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన చనిపోయినవాళ్ళ కోసం చేసే లాటిన్ ప్రార్థన మధ్య విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితలు పొదిగాడు. ఓవెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, శౌర్య పతకం తెచ్చుకుని, యుద్ధం ముగియడానికి సరిగ్గా వారం ముందు చనిపోయిన కవి. పాడటానికి బ్రిటెన్ పిలిచింది ఒక ఇంగ్లీషు గాయకుణ్ణి, ఒక జర్మన్ గాయకుణ్ణి, ఒక రష్యన్ గాయనిని. ఆ జర్మన్ గాయకుడు డీట్రిచ్ ఫిషర్ డీస్కావ్ హిట్లర్ సైన్యంలో పనిచేసి యుద్ధఖైదీగా ఉన్నవాడు. సోవియట్ ప్రభుత్వం తమ గాయనిని మొదటి ప్రదర్శనకు పంపలేదు, ఆ చోట ఇంకొకరు పాడారు. కాని ఇంగ్లీషువాడూ, జర్మన్‌వాడూ చెరొక చచ్చిపోయిన సైనికుడి గొంతుతో కాలిపోయిన ఊళ్ళో కలిసి పాడారు. ఏ గొంతుతో పాడిస్తున్నారు అన్నది కూడా మీ చేతిలోని నిర్ణయమేనని చెప్పడానికే ఇదంతా.

మన దగ్గరా చేసినవాళ్ళు లేకపోలేదు. 2015లో క్రిష్ ‘కంచె’ తీశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ నేల మీద పోరాడుతున్న తెలుగు సిపాయిల కథకు, ఊళ్ళో కులాల మధ్య వేసిన కంచె కథ ముడివేశారు. దేశాల మధ్య గీతకూ, వాడల మధ్య గీతకూ చుట్టరికం చూపించారు. జాతీయ అవార్డూ వచ్చింది. ఇలాంటి కథలు మన నేల మీద ఇంకా చాలా ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళిన ఊరు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ పోతూనే ఉన్నారు. అక్కడ వెనక ఉండిపోయిన ఆడవాళ్ళు ఉత్తరం కోసం ఎదురుచూసిన ఏళ్ళ మీద సినిమా పాట ఏదీ? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. రంగూన్‌లో రేవుల్లో, మిల్లుల్లో కూలి చేసుకుంటున్న మన కోస్తా జనం ఆ ఏడే అడవులు, కొండలు పట్టి కాలినడకన తిరిగొచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. తెలుగువాడి యుద్ధం అది. రక్తం మరిగించే పాట రాయడానికి వందమంది ఉన్నారు. దీన్ని రాయడానికి మీరు కావాలి.

మీరు ఆచరణలో పెట్టగలిగినవి మూడే అడుగుతాను.

మొదటిది, కాల్పులు జరుగుతున్న రోజుల్లో ఆ యుద్ధం మీద ఏ పాటా, ఏ టైటిలూ, ఏ పోస్టరూ ప్రకటించకండి. సైనికుల కోసం చందా ఇవ్వండి, రక్తం ఇవ్వండి, చనిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూర్చోండి. వాటిని ఎవరూ ఆపరు. సరుకు మాత్రం ఆ వారం దింపకండి. మీ సంఘాలు కూర్చుని ఒక్క తీర్మానం చేసుకుంటే చాలు, ఇది జరిగిపోతుంది.

రెండోది, పల్లవి ఖరారయ్యే ముందు సినిమాను పక్కన పెట్టి ఆ పాటను ఒక ఊరేగింపులో ఊహించుకోండి. డీజే బండి మీద నాలుగు స్పీకర్లు. బండి ఒక వీధి మలుపులో ఆగింది. ఆ వీధిలో వేరే మతం వాళ్ళ ఇళ్ళున్నాయి, కిటికీలు మూసుకుంటున్నారు. చరణాలన్నీ పోయి మీ హుక్ లైన్ ఒక్కటే మళ్ళీ మళ్ళీ మోగుతోంది. సినిమాలో ఆ మాట టెర్రరిస్టు గురించి అన్నదే కావచ్చు. ఆ వీధిలో అది ఎవరి గురించి అవుతుంది? ఈ ప్రశ్నకు నిబ్బరంగా జవాబు చెప్పగలిగితే పాట పంపించండి. చెప్పలేకపోతే మాట మార్చండి. ట్యూన్‌కు సరిపడే ఇంకో మాట దొరకదంటే నేను నమ్మను. కుదరని ట్యూన్లలోకి మాటలు కుదిర్చిన చరిత్ర మీది.

మూడోది, మీ పాటను ద్వేషానికి వాడుకున్నప్పుడు నోరు విప్పండి. మాటలు మార్చి, వికృతం చేసి మీ పరువుకు భంగం కలిగేలా వాడితే అడ్డుకునే హక్కు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ మీకు ఇచ్చింది. ట్యూన్ కాపీ కొట్టారని కోర్టుకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. పాటను కర్రగా మార్చి మనిషిని కొట్టారని వెళ్ళేవాళ్ళు కూడా ఉండాలి. కోర్టు దాకా వెళ్ళలేకపోయినా, ఇది నేను అందుకోసం రాయలేదు అని ఒక్క మాట బయటికి చెప్పండి. మీ గొంతు అభిమానులకు చేరినంత వేగంగా పోలీసు ప్రకటన కూడా చేరదు.

యుద్ధం ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో మిమ్మల్ని ఎవరూ అడగరు. మమ్మల్నీ అడగరు. పల్లవిలో ఏ మాట ఉండాలో మాత్రం మిమ్మల్నే అడుగుతారు. ఆ అధికారం ఈ దేశంలో చాలామంది మంత్రులకు కూడా లేదు. దాన్ని నిర్మాత తొందరకూ, ట్రెండింగ్ లెక్కలకూ రాసివ్వకండి.

ఇట్లు,
మీ పాటల మీద పత్రికల్లో రాసుకుని బతికే
ఒక శ్రోత